జంతువుల శాంపిల్స్‌కి లిక్విడ్ నైట్రోజనా, డ్రై ఐసా, ఆర్ఎన్ఏలేటరా? ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

జంతువుల శాంపిల్స్ పని కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు దాదాపు అందరూ ముందుగా అడిగేది "దేంట్లో ఫ్రీజ్ చేయాలి" అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. ఆ టిష్యూలోంచి రేపు మీరు ఏం కొలవబోతున్నారు? డీఎన్ఏనా, ఆర్ఎన్ఏనా, ప్రోటీనా, మెటబొలైట్లా (కణం పనిచేస్తున్నప్పుడు తయారయ్యే చిన్న అణువులు), మైక్రోస్కోప్ కింద కణాల ఆకారమా, లేక బతికున్న కణాలే కావాలా? ఇది తేలితే సగం ఆప్షన్లు వాటంతటవే పక్కకి పోతాయి. తేల్చుకోకుండా "ముందు మైనస్ 80లో పడేద్దాం, తర్వాత చూద్దాం" అంటే ఆ తర్వాత చూడటానికి ఏమీ మిగలకపోవచ్చు, ఎందుకంటే ఫ్రీజర్ ఉన్నదాన్ని ఉన్నట్టు ఆపి ఉంచుతుంది గానీ పోయినదాన్ని వెనక్కి తేలేదు. రక్తప్రసరణ ఆగిన క్షణం నుంచి టిష్యూ గడ్డకట్టే దాకా ఉండే ఆ కాసేపే అసలు కథంతా.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. ఆ ముక్క కోసం ఒక జంతువు ప్రాణం పోయింది, లేదా కనీసం సూది నొప్పి భరించింది. జంతు ప్రయోగాల నీతి గురించి 1959లో రస్సెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన మూడు సూత్రాల్లో ఒకటి వాడే జంతువుల సంఖ్య తగ్గించడం. శాంపిల్ పాడై ఇంకో జంతువుని తీసుకోవాల్సి రావడం ఆ సూత్రానికి నేరుగా విరుద్ధం. కాబట్టి కింద చెప్పేవాటిలో ఖర్చు, సౌకర్యం కంటే ముందు నేను చూసేది ఒకటే, ఉన్న జంతువుతోనే పని పూర్తవుతుందా లేదా అని.

ఏది ఎంత త్వరగా పాడవుతుంది

అన్నిటికంటే తొందర మెటబొలైట్లది. మెదడులో ఏటీపీ, లాక్టేట్ స్థాయిలు రక్తం ఆగిన కొన్ని సెకన్లలోనే మారిపోతాయి. అందుకే మెదడు మెటబాలిజం మీద పనిచేసే కొన్ని ల్యాబుల్లో పుర్రె తెరిచి మెదడు తీసేదాకా కూడా ఆగరు, దీనికోసమే తయారైన ఫోకస్డ్ మైక్రోవేవ్ పరికరంతో ఎంజైములని ఎక్కడివక్కడ ఆపేస్తారు. గుండె, కాలేయం, కండరం లాంటి వాటికి 1960 నుంచీ వోలెన్‌బెర్గర్ పటకారు ఉంది. లిక్విడ్ నైట్రోజన్‌లో బాగా చల్లబడ్డ రెండు అల్యూమినియం దిమ్మెల మధ్య టిష్యూని పెట్టి నొక్కేస్తారు, అది పల్చటి పలకలా అణిగిపోయి రెండు వైపులా లోహం తగలడంతో చప్పున గడ్డకడుతుంది. ఆకారం పోతుంది, లోపలి కెమిస్ట్రీ మిగులుతుంది. మెటబొలైట్లు కొలవాలనుకునే వాళ్లకి కావాల్సింది అదే కదా.

తర్వాత ప్రోటీన్ల మీదుండే ఫాస్ఫేట్లు, వాటికి నిమిషాలే లెక్క. ఆర్ఎన్ఏ సంగతి అవయవాన్ని బట్టి ఉంటుంది. క్లోమంలో ఆర్ఎన్ఏని ముక్కలు చేసే ఎంజైములు విపరీతం, ప్లీహంలో కూడా ఎక్కువే, కండరం, మెదడు కాస్త నయం. డీఎన్ఏ వీటన్నిటికంటే ఓపికైనది, కొన్ని గంటలు ఐస్ మీదున్నా డీఎన్ఏని కాపీలు చేసే మామూలు పీసీఆర్‌కి సరిపోయేంత మిగులుతుంది, మరీ పొడవాటి డీఎన్ఏ చదవాలనుకుంటే మాత్రం అంత ధీమా వద్దు.

అందుకని ఒకే జంతువు నుంచి ఏడెనిమిది అవయవాలు తీయాలంటే ముందు క్లోమమా, మెదడా, కాలేయమా అన్న వరుస కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి, ప్రతి జంతువుకీ అదే వరుస పాటించండి. కంట్రోల్ గుంపునంతా పొద్దున, మందిచ్చిన గుంపునంతా మధ్యాహ్నం తీయొద్దు. శరీరంలో చాలా జన్యువుల పని రోజులో వేళని బట్టి మారుతుంది, ఇలా చేస్తే చివర్లో మీకు కనిపించే తేడా మందు వల్ల వచ్చిందో గడియారం వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఒకటి ఇందులోంచి, ఒకటి అందులోంచి మార్చి మార్చి తీసుకోండి.

వేగంగా గడ్డకట్టించడం: మూడు దారులు

లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలు, డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) సుమారు మైనస్ 78. అంకెలు చూస్తే నైట్రోజనే మేలనిపిస్తుంది, కానీ ఒక చిక్కుంది. వెచ్చటి టిష్యూ నేరుగా అందులో పడగానే చుట్టూ ఉన్న నైట్రోజన్ మరిగి ఒక ఆవిరి పొర కడుతుంది. కాలిన పెనం మీద నీటిచుక్క అంటుకోకుండా జారుతూ తిరుగుతుంది చూడండి, అదే ఇది. ఆ పొర ఉన్నంతసేపూ వేడి సరిగా బయటకి పోదు, ముక్క లోపలి భాగం నెమ్మదిగా గడ్డకడుతుంది, నెమ్మదిగా గడ్డకట్టిన చోట ఐస్ స్ఫటికాలు పెద్దవౌతాయి.

దంచి ఆర్ఎన్ఏనో ప్రోటీనో తీసుకునేవాళ్లకి దీంతో పెద్ద ఇబ్బంది లేదు, ముక్క చిన్నదైతే చాలు. 5 మిల్లీమీటర్లకి మించని ముక్కలు, ఒక్కో ట్యూబుకి 30 నుంచి 50 మిల్లీగ్రాములు అయితే బాగుంటుంది. కాలేయం తమ్మె మొత్తాన్ని ఒకే ట్యూబులో కుక్కితే మధ్యభాగం ఆలస్యంగా గడ్డకట్టడం ఒక నష్టమైతే, తర్వాత రాయిలా ఉన్నదాంట్లోంచి చిన్న ముక్క పగలగొట్టుకోవడం ఇంకో యాతన, ఆ కుస్తీలో అది కాస్త కరిగిందంటే ఆర్ఎన్ఏ మీద ఆశ వదులుకోవాల్సిందే. మందపాటి ప్లాస్టిక్ ట్యూబులో వేసి ముంచడం కంటే పల్చటి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి ముంచి, గడ్డకట్టాక ముందే చల్లబరిచిన ట్యూబులోకి మార్చడం వేగం.

మైక్రోస్కోప్ కింద చూడాల్సిన టిష్యూకి మాత్రం నేరుగా నైట్రోజన్ నేను సిఫారసు చేయను, ముఖ్యంగా కండరానికి. దానికి ఐసోపెంటేన్ ఉండాలి. అది మైనస్ 160 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, 28 డిగ్రీల దాకా మరగదు, కాబట్టి టిష్యూ చుట్టూ ఆవిరి పొర ఏర్పడదు, చల్లదనం నేరుగా తగులుతుంది. స్టీలు బీకర్లో ఐసోపెంటేన్ పోసి లిక్విడ్ నైట్రోజన్‌లోకి సగం దాకా దించి పట్టుకోండి. కాసేపటికి ద్రవం కొంచెం చిక్కబడి, అడుగున, అంచుల వెంట తెల్లటి పలుకులు కట్టడం మొదలౌతుంది. ముంచాల్సింది అప్పుడే. ఇంకా ఆగితే మొత్తం గడ్డకట్టేస్తుంది, అప్పుడు పైకి తీసి కొంత కరగనివ్వాలి. కార్కు ముక్క మీద నిలబెట్టిన కండరాన్ని తలకిందులుగా ముంచి, కదుపుతూ ఉంచి, పూర్తిగా గడ్డకట్టగానే తీసేయాలి. ముంచే ముందు దాని మీద నీటి తడి లేకుండా చూసుకోండి. కండరాన్ని సెలైన్‌లో నానబెట్టి తెచ్చారంటే ఎంత జాగ్రత్తగా ముంచినా సెక్షన్ (పల్చటి పొర) కోశాక పోగుల నిండా జల్లెడలా రంధ్రాలే కనిపిస్తాయి, వాటిని చూసి ఇది జబ్బు లక్షణమా ఐస్ చేసిన పనా అని తల పట్టుకోవాలి. సెలైన్‌తో తడిపి గట్టిగా పిండేసిన గాజుగుడ్డలో చుట్టి తెస్తే చాలు. ఐసోపెంటేన్ చాలా తేలిగ్గా అంటుకునే ద్రవం, ఫ్యూమ్ హుడ్ బయట ఈ పని పెట్టుకోవద్దు.

సెక్షన్లు కోసేటప్పుడు టిష్యూని పట్టి ఉంచడానికి వాడే ఓసీటీ జిగురు గురించి ఒక హెచ్చరిక. అందులో ఉండే పాలిమర్లు మాస్ స్పెక్ట్రోమెట్రీలో (అణువుల బరువు కొలిచే పద్ధతిలో) ప్రోటీన్ల సిగ్నల్‌ని కప్పేస్తాయి. ప్రోటియోమిక్స్ (ప్రోటీన్లన్నిటినీ ఒకేసారి కొలవడం) కూడా చేసే అవకాశం ఏ కాస్త ఉన్నా, ఒక ముక్కని ఓసీటీ తగలకుండా విడిగా ఫ్రీజ్ చేసి పెట్టుకోండి. ఇది ఆఖర్లో గుర్తొస్తే ఏమీ చేయలేం.

మూడోది డ్రై ఐస్. పొడి చేసి ఇథనాల్‌లో కలిపితే జావలాంటి స్నానం తయారౌతుంది, అందులో మూత బిగించిన పల్చటి ట్యూబు ముంచితే ఉత్త డ్రై ఐస్ ముక్కల మీద పెట్టినదానికంటే చాలా త్వరగా గడ్డకడుతుంది, ఎందుకంటే ముక్కల మధ్య గాలి ఖాళీలుండవు. నైట్రోజన్ దొరకని చోట చిన్న ముక్కల ఆర్ఎన్ఏ, డీఎన్ఏ, ప్రోటీన్ పనులకి ఇది నిక్షేపంగా సరిపోతుంది, "నైట్రోజన్ లేదు కాబట్టి పని కాదు" అని ఆగిపోనక్కర్లేదు. మెటబొలైట్లకి, మంచి కండరం హిస్టాలజీకి (మైక్రోస్కోప్ కింద టిష్యూ చూడటానికి) మాత్రం దీంతో సర్దుకోవద్దు.

జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. లిక్విడ్ నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 700 రెట్లు వ్యాకోచిస్తుంది. చిన్న గదిలో తలుపులు వేసుకుని పనిచేస్తే ఆక్సిజన్ తగ్గిపోతుంది, దానికి వాసన ఉండదు కాబట్టి తెలిసే లోపే మనిషి పడిపోతాడు. సరిగా బిగుసుకోని ఫ్రీజింగ్ ట్యూబుని, అంటే క్రయోవయల్‌ని ద్రవంలో ముంచి ఉంచితే లోపలికి నైట్రోజన్ చేరుతుంది, బయటకి తీయగానే పేలుతుంది. ముఖానికి షీల్డు, వదులుగా ఉండే క్రయో గ్లోవ్స్, గదికి ఆక్సిజన్ మీటరు తప్పనిసరి.

ఆర్ఎన్ఏలేటర్: దేనికి బాగుంటుంది, దేనికి బాగోదు

ఇది గాఢమైన ఉప్పు ద్రావణం. టిష్యూలోకి ఇంకి ఎంజైములని పనిచేయనివ్వదు. ముక్క కనీసం ఒక వైపు అర సెంటీమీటరు లోపు మందం ఉండాలి, టిష్యూకి 5 నుంచి 10 రెట్లు ద్రావణం పోయాలి. చాలామంది చేసే పని ట్యూబు నిండా టిష్యూ పెట్టి పైన కాస్త పోయడం, అలా చేస్తే లోపలిదాకా చేరదు. పోసిన వెంటనే ఫ్రీజర్లో పెట్టొద్దు, ఒక రాత్రి 4 డిగ్రీల్లో ఉంచి, ఇంకాక, ద్రావణం వంపేసి మైనస్ 80కి మార్చండి. ఫ్రీజర్ దగ్గర్లో లేకపోతే 25 డిగ్రీల దగ్గర వారం, ఫ్రిజ్‌లో నెల ఆగుతుంది. ఇప్పటికే గడ్డకట్టిన టిష్యూని ఇందులో వేసి కరిగించొద్దు, ద్రావణం లోపలికి చేరే లోపే ఆర్ఎన్ఏ పోతుంది.

మీకు ఆర్ఎన్ఏ ఒక్కటే కావాలి, చేతులు తక్కువున్నాయి, ఒక్కరే కోయాలి, తూచాలి, రాయాలి అంటే నేను నైట్రోజన్ కంటే దీన్నే ఎంచుకోమంటాను. ప్రతి ముక్కకీ సమాన న్యాయం జరుగుతుంది, టెన్షన్ తగ్గుతుంది. ఎంజైమ్ యాక్టివిటీ, మెటబొలైట్లు కావాలంటే మాత్రం వద్దు, ఇది ప్రోటీన్ల సహజ రూపాన్ని చెడగొడుతుంది.

చల్లదనమే లేని చోట

అడవిలోనో, సముద్రం మీదో, జంతువుల గణన శిబిరంలోనో ఉన్నారు, డీఎన్ఏ చాలు అనుకుంటే ఫ్రీజింగ్ మోజు పక్కన పెట్టేయండి. 95 శాతం ఇథనాల్, లేదా డీఎంఎస్ఓ, ఈడీటీఏ, సంతృప్త ఉప్పు కలిపిన ద్రావణం గది ఉష్ణోగ్రతలోనే డీఎన్ఏని చాలాకాలం కాపాడతాయి. దారిలో సగం కరిగి మళ్లీ గడ్డకట్టిన శాంపిల్ కంటే ఇథనాల్‌లో హాయిగా ఉన్నది వంద రెట్లు నయం. పేడ, మలం నుంచి సూక్ష్మజీవులని చదవాలంటే కూడా 95 శాతం ఇథనాల్ బాగా పనిచేస్తుంది, 70 శాతం మాత్రం వద్దు, దాంట్లో సూక్ష్మజీవుల పాళ్లు మారిపోతాయి.

రక్తం: ముందు ట్యూబు సంగతి తేల్చుకోండి

రక్తంలో తప్పు ఫ్రీజర్ దగ్గర కాదు, ట్యూబు మూత రంగు (లోపల ఏం కలిపి ఉందో అది చెబుతుంది) దగ్గరే జరుగుతుంది. డీఎన్ఏ, పీసీఆర్ పనులకి ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం). అదే పని చేసే హెపారిన్ పీసీఆర్‌ని అడ్డుకుంటుంది, దాన్ని తీసేయడం తలనొప్పి. సీరం కావాలంటే ఏమీ కలపని ట్యూబులో అరగంట నుంచి గంట దాకా గడ్డకట్టనిచ్చి సెంట్రిఫ్యూజ్ చేయాలి. ప్లాస్మా, సీరం ఏదైనా సరే ఫ్రీజ్ చేసే ముందే వేరు చేయాలి. మొత్తం రక్తాన్ని గడ్డకట్టించి తర్వాత ప్లాస్మా తీద్దామంటే ఎర్రకణాలు పగిలి అంతా ఎర్రటి నీళ్లే మిగులుతాయి.

కానీ పక్షులు, సరీసృపాల దగ్గరకొచ్చేసరికి ఈ లెక్క కొంత మారుతుంది. వాటి ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది, కాబట్టి ఒకట్రెండు చుక్కల రక్తంతోనే బోలెడంత డీఎన్ఏ వస్తుంది, క్షీరదాల్లో తెల్లకణాల మీదే ఆధారపడాలి. కాకి జాతి పక్షుల్లో, తాబేళ్లలో ఈడీటీఏ ఎర్రకణాలని పగలగొడుతుంది కాబట్టి కణాల లెక్కకి వాటికి హెపారిన్ వాడతారు. ఇక చిట్టెలుక విషయంలో ఎంత తీస్తున్నారో చూసుకోండి. 25 గ్రాముల చిట్టెలుకలో మొత్తం రక్తం 1.8 మిల్లీలీటర్ల లోపే, బతికుంచాలంటే ఒకసారికి అందులో పదో వంతు, అంటే 0.18 మిల్లీలీటర్ల దగ్గర ఆగాలి. పెద్ద ట్యూబులో అంత తక్కువ రక్తం పోస్తే ఈడీటీఏ పాళ్లు ఎక్కువైపోతాయి, చిన్న కేశనాళిక ట్యూబులు వాడండి.

బతికున్న కణాలు కావాలంటే అంతా తిరగబడుతుంది

ఇప్పటిదాకా వేగం వేగం అన్నాను. కణం బతకాలంటే నెమ్మది కావాలి. చప్పున గడ్డకట్టిస్తే కణం లోపలే ఐస్ కట్టి చంపేస్తుంది, మరీ నెమ్మదిగా చేస్తే నీరు బయటకి పోయి ఉప్పు గాఢత చంపేస్తుంది. చాలా రకాల కణాలకి మధ్యేమార్గం నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున తగ్గించడం, ఐస్ నుంచి కణాన్ని కాపాడే ద్రవం డీఎంఎస్ఓ 10 శాతం కలిపి. గ్లిసరాల్ కోడి వీర్యకణాలని కాపాడుతుందని 1949లో బయటపడింది, డీఎంఎస్ఓ గుణం 1959లో. ఖరీదైన యంత్రం లేకపోతే ఐసోప్రొపనాల్ పోసిన ప్లాస్టిక్ డబ్బాలో ట్యూబులు పెట్టి మైనస్ 80లో ఒక రాత్రి ఉంచినా దాదాపు ఆ వేగమే వస్తుంది, మర్నాడు నైట్రోజన్ ట్యాంకుకి మార్చాలి.

ఈ పనికి ఫలితం ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే శాన్ డియాగోలో జంతువుల కణాలు ఫ్రీజ్ చేసి దాచే ఫ్రోజెన్ జూ చాలు. అక్కడ 1980లో ఫ్రీజ్ చేసిన ఒక ప్రెవాల్‌స్కీ గుర్రం (అరుదైన అడవి గుర్రం జాతి) కణాల నుంచి 2020లో క్లోన్ పిల్ల పుట్టింది. అదే చర్మం ముక్కని ఉత్తగా నైట్రోజన్‌లో పడేసి ఉంటే డీఎన్ఏ అయితే మిగిలేది గానీ గుర్రం పుట్టేది కాదు. అరుదైన జంతువు చర్మం ముక్క మీ చేతికొస్తే కణాలు పెంచగలిగే ల్యాబుకి ఒక భాగం ఇవ్వగలరేమో ముందు కనుక్కోండి.

దాచడం: మైనస్ 20, మైనస్ 80, నైట్రోజన్ ఆవిరి

మైనస్ 20 అంటే అంతా గడ్డకట్టిందనుకోవద్దు. ఉప్పునీరు పూర్తిగా గడ్డకట్టేది మైనస్ 21 దగ్గర, కాబట్టి మైనస్ 20లో టిష్యూలో ఇంకా ద్రవం ఉంటుంది, ఎంజైములు నెమ్మదిగా పనిచేస్తూనే ఉంటాయి. శుద్ధి చేసిన డీఎన్ఏకి సరే, టిష్యూకి వద్దు. అందులోనూ ఐస్ కట్టకుండా తనంతట తానే వేడెక్కే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్ అసలొద్దు. మైనస్ 80 చాలా టిష్యూలకి సరిపోతుంది. బతికున్న కణాలకి మాత్రం మైనస్ 135కి దిగువన ఉండాలి, అంటే నైట్రోజన్ ట్యాంకే. ట్యాంకులో ద్రవంలో ముంచడమా, పైన ఆవిరిలో ఉంచడమా అంటే నా ఓటు ఆవిరికే. 1995లో నైట్రోజన్ ద్రవం ద్వారా ఒక శాంపిల్ నుంచి ఇంకోదానికి హెపటైటిస్ బి పాకిన ఘటన వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. గడ్డకట్టడం వల్ల వైరస్‌లు చావవు, బాగా భద్రంగా ఉంటాయి, కాబట్టి అడవి జంతువు శాంపిల్ కరిగించేటప్పుడు కూడా తాజా శాంపిల్‌కి తీసుకున్నంత జాగ్రత్తే తీసుకోవాలి.

రవాణాకి డ్రై ఐస్ సులువు, కానీ దాని వాయువు మూత వదులుగా ఉన్న ట్యూబుల్లోకి చేరి ప్లాస్మా పీహెచ్‌ని పడగొడుతుంది, రబ్బరు వలయం ఉన్న మూతలు వాడండి. బతికున్న కణాలైతే నైట్రోజన్‌ని పీల్చుకుని ఉంచుకునే రవాణా డబ్బా, అంటే డ్రై షిప్పర్‌లోనే పంపాలి. దేశం దాటించాలంటే సైటీస్ జాబితా (ముప్పులో ఉన్న జాతుల వ్యాపారం మీద నియంత్రణ), నగోయా ఒప్పందం (జన్యు వనరుల పంపకం గురించినది) కింద అనుమతులు కోయక ముందే చూసుకోవాలి, పార్సిల్ కట్టాక కాదు.

నేనైతే ఎలా పంచుతాను

ఒకే జంతువు, ఒకే కాలేయం ఉంది, రేపు ఏం కొలుస్తామో పూర్తిగా తెలియదు అనుకోండి. మొదటి ముక్క నిమిషం లోపు నొక్కి నైట్రోజన్‌లోకి, మెటబొలైట్లకీ ఫాస్ఫేట్ ప్రోటీన్లకీ. రెండోది చిన్న ముక్కలుగా నాలుగైదు ట్యూబుల్లో, ఒక్కోటి ఒక్క ప్రయోగానికే, మళ్లీ మళ్లీ కరిగించే పని లేకుండా. మూడోది ఆర్ఎన్ఏలేటర్‌లో. నాలుగోది ఫార్మలిన్‌లో, హిస్టాలజీకి, ఫ్రీజింగ్ ఎంత బాగా చేసినా దీని స్థానం దీనిదే. ట్యూబుల్లో సగం ఒక ఫ్రీజర్లో, సగం ఇంకో గదిలోని ఫ్రీజర్లో. లేబుళ్లు ముందు రోజే, పొడి ట్యూబు మీద, నైట్రోజన్ తట్టుకునే క్రయో స్టిక్కర్లతో అంటించుకోండి. మంచు పట్టిన ట్యూబుకి ఏదీ అంటుకోదు, మార్కరు రాత ఇథనాల్ తగిలితే చెరిగిపోతుంది. జంతువు నంబరు, అవయవం, తేదీ, కోసిన సమయం, గడ్డకట్టించిన సమయం రాయండి. ఆ చివరి రెండు సమయాలు చాలామంది రాయరు, ఫలితాలు తేడాగా వచ్చినప్పుడు అందరూ వెతికేది వాటికోసమే.